ఆ డాక్టరుగారు

మనిషికి మనిషి ఎదురుపడితే నమస్కారం అంటాడు, లేదా బాగున్నారా అంటాడు, ఏమీ తోచకపోతే ఎండలు మండిపోతున్నాయంటాడు. కీళ్ళ డాక్టరుగారు మాత్రం ఎదురుగా ఉన్నది ఎవరైనా సరే, "ఏదీ, నోరు తెరిచి ఆ అనండి" అనేవారు. రోగులనే కాదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణీ అనేవారు, కొరియర్ తెచ్చినవాణ్ణీ అనేవారు. పొరపాటు నంబరుకు ఫోన్ చేసినవాణ్ణి కూడా ఒకసారి అన్నారు. పాపం అవతలివాడు అన్నాడు కూడా.

అందుకని ఊరంతా ఆయన్ని 'ఆ డాక్టరు' అని పిలిచేది. దీనివల్ల ఆస్పత్రికి కొత్తగా వచ్చినవాళ్ళు నానా తంటాలు పడేవారు.

"కీళ్ళ నొప్పులకు ఏ డాక్టర్ని చూడాలండీ?" అని గేటు దగ్గర అడిగేవారు.

"ఆ డాక్టర్ని," అనేవాడు వాచ్‌మన్.

"ఏ డాక్టర్ని?"

"ఏ డాక్టరు కాదండీ, ఆ డాక్టరు!"

"అదే నాయనా, ఏ డాక్టరని?"

రోజుకు పదిసార్లు ఇలా పోట్లాడి పోట్లాడి వాచ్‌మన్ చివరికి తన నోరు తెరిచి వేలితో చూపించేవాడు. వాళ్ళు అర్థమైందని తలూపి, తిన్నగా పై అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు.

ఈ తతంగమంతా ఇరవై ఎనిమిదేళ్ళుగా దగ్గరుండి చూసిన మనిషి ఆయన ల్యాబ్ టెక్నీషియన్. ఉద్యోగానికి వచ్చిన రోజు ఆమెకు ఇరవై మూడేళ్ళు. చేతిలో సర్టిఫికెట్లు. డాక్టరుగారు సర్టిఫికెట్ల వైపు చూడనైనా లేదు. "ఏదీ అమ్మాయ్, ఆ అను" అన్నారు. ఆమె నోరు తెరిచింది. ఆయన ఒక చేత్తో టార్చి లైటు వేసి, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నారు. పారిపోకుండా కాబోలు అనుకుంది.

"కింద కుడివైపు దవడ పన్నుకు సిమెంటు. పైన ఎడమవైపు ఒక పన్ను పక్కకు ఒరిగింది. బాగుంది. ఉద్యోగంలో చేరతావా?"

"ఆ..." అంది ఆమె, నోరు తెరిచే ఉండటం వల్ల.

"చేరిందయ్యా, రాసుకో," అన్నారు ఆయన పక్కనున్న గుమాస్తాతో.

"అదేంటి సార్! ఇంట్లో అడిగి చెబుదామనుకుంటే..."

"ఇప్పుడే ఆ అన్నావు కదమ్మా! అందరూ విన్నారు."

ఇంట్లో ఏం చెప్పాలో తెలియక ఆమె బిక్కమొహం వేసుకుంటే, అప్పుడే భోజనం క్యారియర్ తెచ్చిన డాక్టరుగారి భార్య నవ్వుతూ ధైర్యం చెప్పింది. "నువ్వు నయం తల్లీ. నన్ను మొట్టమొదట చూసినప్పుడూ ఈయన అన్నది అదే. నోరు తెరిపించి, పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు."

"మరి మీరేమన్నారు అమ్మగారూ?"

"నోరు తెరిచి ఉంటే ఏమంటాను?"

ఆ రోజే డాక్టరుగారు సన్నటి పుల్లతో ఆమె చిగురు అంచున గీకి, ఆ కాస్త తెల్లటి పాచిని గాజుపలక మీద నీటిబొట్టులో కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. ఆమె చూసింది. ముందు మసక. తర్వాత మసకంతా కదిలింది. కడ్డీల్లాంటివి కొన్ని, పూసల్లాంటివి కొన్ని, చుట్టలు చుట్టుకుని ఈదేవి కొన్ని, ఒకదాన్నొకటి తోసుకుంటూ, దారులిచ్చుకుంటూ వేలకు వేలు తిరుగుతున్నాయి. పొద్దున శుభ్రంగా పళ్ళు తోముకుని వచ్చిన నోట్లో ఇంత లోకం ఉందా! ఆమెకు ఒళ్ళు జలదరించింది. చాలాసేపు కళ్ళు తియ్యలేకపోయింది. తలెత్తేసరికి నోరు తెరుచుకునే ఉంది.

"అలా ఉండు, ఇంకోసారి చూస్తాను," అన్నారు డాక్టరుగారు టార్చి తీస్తూ.

ఇంతకీ కీళ్ళ డాక్టరుకు నోటితో పనేమిటి? ఆయన్నడిగితే కుర్చీ ముందుకు లాక్కుని చెప్పేవారు. కీళ్ళవాతం వచ్చినవాళ్ళ ఒంట్లో బయటి శత్రువెవడూ కనిపించడు. కాపలా కాయాల్సిన సైన్యమే తిరగబడి, తన ఇంటి కీళ్ళను తానే విరగ్గొడుతుంది. "ఇన్నాళ్ళూ సఖ్యంగా ఉన్న ఇంట్లో ఉన్నట్టుండి కొట్లాట మొదలైందంటే ఏమిటర్థం? బయటివాడెవడో వచ్చి పుల్ల పెట్టి వెళ్ళాడని! వాడెవడో నాకు కావాలి." చిగుళ్ళు చెడినవాళ్ళలో కీళ్ళవాతం ఎక్కువగా కనబడుతోంది కాబట్టి, పుల్ల పెట్టినవాడు చిగుళ్ళ సందులో కాపురముండి ఉంటాడని ఆయన అనుమానం. అనుమానమే, రుజువు లేదు. రుజువు లేదని రోజుకు నాలుగుసార్లు ఆయనే చెప్పేవారు.

మోకాలికీ నోటికీ ముడిపెట్టే ఈ మనిషంటే పళ్ళ డాక్టరుకు ఒళ్ళు మంట. వారానికోసారి మెట్లు దిగి వచ్చి నోరు చేసుకునేవాడు.

"నా పేషెంట్ల నోళ్ళలో మీ వేలేమిటండీ?"

"మీ పేషెంట్ల నోళ్ళలో నా అనుమానితులున్నారు మరి."

"మణికట్టు నొప్పి అని వచ్చినాయనకు టూత్‌బ్రష్ రాసిచ్చారట! ఆయనకు అసలు పళ్ళే లేవు!"

"తెలుసండీ. ఏ పన్ను ఏ ఏడు ఊడిందో గంటన్నరసేపు రాసుకున్నాను. ఆయన కట్టుడు పళ్ళు తోముకోవడానికే బ్రష్. అది సరేగానీ, మీరు ఇంత కోపంగా ఉన్నారు, నోరు తెరిచే ఉంది, ఒక్కసారి ఆ అనండి."

పళ్ళ డాక్టరు ఠక్కున నోరు మూసుకుని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కేవాడు. ఆస్పత్రి మొత్తంలో ఆయన నోరు మూయించగలిగింది ఈయనొక్కరే.

ఒకసారి సూపరింటెండెంటుగారు స్వయంగా వచ్చారు. మాటంటే మాటే అనే మనిషి. ల్యాబ్ గదిలో నిలబడి నాలుగు మూలలూ చూసి ముక్కు చిట్లించారు.

"ఏళ్ళ తరబడి ఈ గదిలో ఉమ్మి దాచుకుంటున్నారట?"

"ఉమ్మి కాదండీ, సాక్ష్యం."

"ఏదైతేనేం, గది ఖాళీ చెయ్యాలి. విరిగిన మంచాలు పెట్టుకోవడానికి చోటు లేదు."

"తప్పకుండా. ఏదీ, ఒక్కసారి ఆ అనండి."

"నేను మంచాల సంగతి మాట్లాడుతుంటే..."

"అదే, మంచాల సంగతే. తెరవండి." సూపరింటెండెంటుగారు ఏం చెయ్యాలో తోచక తెరిచారు. డాక్టరుగారు అలవాటుగా చెయ్యి పట్టుకుని లోపలికి తొంగిచూశారు. "పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా?"

"ఆ."

"ఈ గది మాకే ఉంచుతారా?"

"ఆ..."

"పాత ఫ్రీజర్ మోత భరించలేకుండా ఉన్నాం. కొత్తది ఇప్పిస్తారా?"

"ఆ... ఆఁ?"

"రాసుకో అమ్మాయ్. అందరూ విన్నారు."

మంచాలు వరండాలోనే ఉండిపోయాయి. ఫ్రీజర్ వచ్చింది. సూపరింటెండెంటుగారు మాటంటే మాటే అనే మనిషి కదా.

డాక్టరుగారికి మొహాలు గుర్తుండవు, పేర్లు అసలే గుర్తుండవు. నోళ్ళు మాత్రం ఒక్కటీ మరిచిపోరు. రైలు దిగి వచ్చిన సొంత అల్లుడు ఎదురుగా నిలబడి నమస్కారం పెడితే "ఎవరు బాబూ మీరు?" అన్నారు. అల్లుడు ప్రయాణపు బడలికతో ఆవలించాడు. "అరెరే, అల్లుడుగారా! ఎప్పుడొచ్చారు?" అంటూ కౌగిలించుకున్నారు. ల్యాబ్ రిజిస్టర్లో కూడా పేర్లుండవు. మనిషికో నంబరు, ఆ నంబరు కింద నోటి బొమ్మ. రోగులకు బేసి నంబర్లు. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కూడా పరీక్షించేవారు కాబట్టి వాళ్ళకు సరి నంబర్లు. బొమ్మ గీసే పని టెక్నీషియన్‌ది. రక్తాన్నీ ఉమ్మినీ పరీక్షించేదీ, మైక్రోస్కోపు దగ్గర కూర్చునేదీ ఆమే.

ఇదంతా చదివి ఆయన ఒట్టి తమాషా మనిషి అనుకుంటే పొరపాటు. గోడమీద వరసగా ఫొటోలు తగిలించి ఉండేవి. అన్నీ క్రిములవే, ఆయన అనుమానించినవి. అందులో ఒకదాని వెంట తొమ్మిదేళ్ళు పడ్డారు. దాదాపు దొరికింది అనుకున్నారు. ఎక్కడో దూరాన ఇంకో ల్యాబ్ వాళ్ళు అదే పరీక్ష ఇంకా ఎక్కువమంది మీద చేసి, దానికీ జబ్బుకూ సంబంధం లేదని తేల్చారు. ఆ సంగతి అచ్చయిన కాగితం చదివి టెక్నీషియన్ ఏడ్చేసింది. తొమ్మిదేళ్ళు సార్, తొమ్మిదేళ్ళు అంది. డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివి, వాళ్ళ లెక్కే సరైందని తలూపి, స్టూలు ఎక్కి ఆ ఫొటో తీశారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "తప్పయిపోయింది నాయనా, నిన్ను అన్యాయంగా అనుమానించాను" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఫొటో తీసేసిన చోట మేకు అలాగే ఉండిపోయింది. ఆ మేకును చూసినప్పుడల్లా ఆమెకు, తను ఎంత పెద్ద మనిషి దగ్గర పనిచేస్తోందో గుర్తొచ్చేది. ఓడిపోయి కూడా క్రిమికి క్షమాపణ చెప్పుకున్న మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

అలాంటి ల్యాబ్‌లో, ఒక చలికాలం ఉదయం, ఆమె సీసా మూత తియ్యబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

చలికేమో అనుకుంది. మర్నాడూ అంతే. నిద్ర లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి, మొదళ్ళ దగ్గర ఉబ్బి, పొద్దెక్కితేగానీ మాట వినేవి కావు. ఇంట్లో మూతలు తీసే పని మొగుడికి అప్పజెప్పింది. ల్యాబ్‌లో మాత్రం నోరు మెదపలేదు. ఇన్నేళ్ళుగా కీళ్ళ రోగుల మధ్యే ఉన్న మనిషికి ఇదేమిటో తెలియక కాదు. తెలిసే భయపడింది. వెంట్రుకంత సన్నటి గొట్టంతో చుక్క చుక్క కొలిచే పని అది. "నా వేళ్ళు పట్టు తప్పిన రోజున నేనే ఇంటికి పోతాను సార్, మీ పని పాడుచెయ్యను" అని ఆమే ఎప్పుడో గొప్పగా అని ఉంది. మైక్రోస్కోపు ముందున్న ఆ స్టూలు పోతే తనకింకేం మిగులుతుందో ఆమెకు ఊహకే అందలేదు.

అదృష్టమేమిటంటే, సరిగ్గా అప్పుడే డాక్టరుగారి పిచ్చి ముదిరింది. "రేపట్నుంచి ల్యాబ్ ఎనిమిదింటికి కాదు, పదింటికి తెరుద్దాం. క్రిములు పదిదాకా నిద్ర లేవడం లేదు" అన్నారు. ఇంకో రోజు పెన్నులన్నిటికీ బొటనవేలంత మందాన గుడ్డ ప్లాస్టరు చుట్టిపెట్టారు. అదేమిటంటే, సన్నపెన్నుతో రాస్తే నోళ్ళు సన్నగా పడుతున్నాయన్నారు. బరువైన ల్యాబ్ తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టించారు, ఫ్రీజర్‌కు గాలాడటం లేదని. పైగా ఎప్పుడూ లేనిది, మూడో వీధిలో కీళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకున్న తన పాత శిష్యురాలికి ఒక ఫైలు పంపడం మొదలెట్టారు. "ఇది ఎవరికిపడితే వాళ్ళకు ఇచ్చేది కాదు. నువ్వే వెళ్ళి, ఆ డాక్టరమ్మ చేతిలో పెట్టి, ఆవిడ కూర్చోమంటే కూర్చుని రా." మూడోసారి ఆమె దారిలో ఫైలు తెరిచి చూసింది. లోపల తెల్లకాగితం. ఆమె మనసు కలుక్కుమంది. పాపం పెద్దాయనకు మతిమరుపు వచ్చేసింది అనుకుని, నాలుగోసారి కూడా ఫైలు గుమ్మంలోనే ఇచ్చేసి, బస్సు టైమైందని చెప్పి వచ్చేసింది.

చివరికి ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం, డాక్టరుగారు భోజనానికి వెళ్ళినప్పుడు, తన రక్తం తానే తీసుకుంది. సొంత ఒంటి మీద తిరగబడే సైనికులు రక్తంలో ఉంటే పసుపు రంగు తేలే పరీక్ష ఒకటి ఉంది. పళ్ళెంలో చిన్న చిన్న గుంటలు, గుంటకో మనిషి. తన రక్తం చుక్కను ఆరోగ్యవంతుల వరసలో వేసి, రెండు వేల నూట పద్నాలుగు అని నంబరిచ్చింది. నంబరుంటే బొమ్మ ఉండాలి, లేకపోతే ఆయన అడుగుతారు. చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబడి, నోరు తెరుచుకుని, తన నోటిని తానే చూసి గీసింది.

ఆరోగ్యవంతుల వరసలో గుంటలన్నీ నీళ్ళలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పచ్చగా, పసుపు పచ్చగా మారింది.

ఆమె ఆ గుంటను చాలాసేపు చూసింది. రంగు లేదని రాసేస్తే అడిగే నాథుడు లేడు. పెన్ను తీసింది. ఎదురుగా గోడమీద ఆ ఖాళీ మేకు కనిపించింది. నంబరు విషయంలో ఒక అబద్ధం ఆడేసింది, రెండోది మాత్రం చేతకాలేదు. 'పసుపు' అని రాసింది.

మర్నాడు పదింటికి డాక్టరుగారు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు.

"అమ్మాయ్, ఈ రెండు వేల నూట పద్నాలుగు ఎవరు?"

"ఎవరో ఆవిడ సార్. పై అంతస్తుకు పన్ను నొప్పికి వచ్చింది."

"ఈ నోరు నేనెక్కడో చూశాను."

"మీరు చూడని నోరేముంది సార్!"

"అది కాదు. చూసిన నోరే, తిరగబడింది. సిమెంటు పన్ను కుడివైపుండాలి, ఎడమవైపుంది. ఒరిగిన పన్ను ఎడమవైపుండాలి, కుడివైపుంది." ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఈవిడ అద్దంలో గానీ కాపురం ఉంటోందా?"

 ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎదుటివాళ్ళ నోళ్ళే గీసింది తను. అద్దంలో కుడి ఎడమలు మారతాయన్న సంగతే తట్టలేదు.

డాక్టరుగారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "ఏదీ, ఆ అను."

ఆమె నోరు తెరిచింది. ఆయన ఎప్పట్లాగే చెయ్యి పట్టుకున్నారు. టార్చి మాత్రం వెయ్యలేదు. మధ్యవేలు మొదట్లో బొటనవేలితో మెల్లగా నొక్కారు.

"ఇక్కడ నొప్పా?"

ఏం లేదు సార్ అనాలనుకుంది. నోరు తెరిచి ఉన్న మనిషి అనగలిగిన మాట ఒక్కటే.

"ఆ."

"పొద్దున్నే బిగుసుకుంటున్నాయా?"

"ఆ."

"ఇంచుమించు పదిదాకా?"

"ఆ..." అంది. ఈసారి కళ్ళు కూడా చెమర్చాయి. నోరు మూసుకుని, కళ్ళు తుడుచుకుని అడిగింది. "మీకెప్పుడు తెలిసింది సార్?"

"నీకు తెలిసిన వారానికి, ఎప్పట్లా ఆ అనిపించినప్పుడు. నోరు చూసేవాడు చెయ్యెందుకు పట్టుకుంటాడనుకున్నావ్ ఇన్నాళ్ళూ?"

"పారిపోకుండా ఉండటానికని..."

ఆయన పకపకా నవ్వారు. "పిచ్చిదానా! నొప్పిగా ఉందా అని అడిగితే ఎవరు ఉందంటారు? ఏం లేదండీ, వయసండీ, నిన్న బట్టలు ఎక్కువ ఉతికానండీ అంటారు. తీరా ఒప్పుకునే వేళకు కీలు అరిగిపోతుంది. అదే నోరు తెరిపించి అడిగితే ఆ అనక చస్తారా? నోరు నా పనికి, చెయ్యి వాళ్ళ పనికి."

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కరెంటు మీటరు అబ్బాయి వెళ్ళేటప్పుడు చేతిలో మడతపెట్టిన చీటీ ఉంది. కొరియర్ ఆయన చేతిలోనూ ఉంది. ఫ్రీజర్ ఇప్పించిన సూపరింటెండెంటుగారు ఆ తర్వాత ఏడాదిపాటు మూడో వీధి డాక్టరమ్మ దగ్గరికి ఎందుకు వెళ్ళారో ఇప్పుడు అర్థమైంది. రెండు వేల పైచిలుకు నోళ్ళు తను గీసింది. ఆ నోళ్ళ వెనకాల అన్ని చేతులున్నాయని, ఒక్కో చేతినీ ఆయన వేలు వేలునా తడిమి చూశారని, పుల్ల పెట్టినవాడు దొరికినా దొరకకపోయినా దెబ్బ తగిలినవాళ్ళను మాత్రం ముందే పట్టుకున్నారని ఆమెకు ఒక్కరోజు కూడా తట్టలేదు. ఎవరూ అడక్కుండానే ఆమె నోరు తెరుచుకుంది.

"మరి క్రిములు పదిదాకా నిద్ర లేవవన్నారు?"

"నాలుగింటికే లేస్తాయి వెధవలు."

"ఆ ఖాళీ ఫైలు?"

"అది ఫైలు కాదమ్మా, నువ్వే ఫైలు! నీ చేతులు చూడమని మా డాక్టరమ్మకు నాలుగుసార్లు చెప్పి పంపాను. నాలుగుసార్లూ గుమ్మంలోంచే పారిపోయి వచ్చావు."

"నాతోనే చెప్పొచ్చుగా సార్?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి, అద్దాలు శుభ్రంగానే ఉన్నా తుడిచారు. "వేళ్ళు పోతే వెళ్ళిపోతానన్నావు కదా. నువ్వు వెళ్ళిపోతే ఆ మైక్రోస్కోపులో నాకేం కనిపిస్తుంది? భయమేసింది. చెప్పకపోవడం తప్పే." కళ్ళజోడు పెట్టుకుని, "ఇప్పుడు మంచి మందులున్నాయి. తొందరగానే పట్టుకున్నాం. ఇవాళ వెళ్ళి, కూర్చుని రా" అన్నారు.

"వెళ్తాను. ముందు మీరు నోరు తెరవండి," అంది ఆమె.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. డాక్టరుగారు అటూ ఇటూ చూసి, మెల్లగా తెరిచారు. ఆమె టార్చి వేసి చూసి అదిరిపడింది. రెండు పళ్ళు లేవు, మూడోది ఊగుతోంది, చిగుళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

"ఈ స్టూలు మీద నేనే ఉంటాను. సరేనా?"

"ఆ," అన్నారు ఆయన, అడగకముందే అన్నంత త్వరగా.

"రేపు పై అంతస్తు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తారా?"

ఆయన కళ్ళు గుండ్రమయ్యాయి. తల అడ్డంగా ఊపబోయారు గానీ, నోట్లోంచి మాత్రం "ఆ..." అనే వచ్చింది.

ఆమె గోడమీద క్రిముల ఫొటోల వైపు తిరిగి, "అందరూ విన్నారుగా!" అంది.

తర్వాత ప్లాస్టరు చుట్టిన లావుపాటి పెన్ను తీసుకుని, రెండు వేల నూట పద్నాలుగు కొట్టేసి, రోగుల వరసలో తనకో కొత్త నంబరు వేసుకుంది. బొమ్మ మాత్రం ఆయన్నే గీయమని రిజిస్టరు ముందుకు తోసింది. ఆయన నోటివైపు చూడకుండానే సిమెంటు పన్ను కుడివైపు పెట్టి, ఒరిగిన పన్నును ఎడమవైపు ఒరగ్గొట్టి, పెన్ను పక్కన పెట్టారు.

"చెయ్యి ఇటివ్వు," అన్నారు.

ఆమె చెయ్యిచ్చింది. ఆయన ఇంకా ఏమీ అడగలేదు. ఆమె ముందే "ఆ" అంది.